ముసలమ్మ కట్ట దగ్గర మనం ఎందుకు ఆగుతాం?



అనంతపురం నుంచి తాడిపత్రి రోడ్డు పట్టుకుని పోతే కొద్ది దూరంలోనే బుక్కరాయసముద్రం వస్తుంది. అక్కడి చెరువు కట్టలో ఒక భాగానికి ముసలమ్మ కట్ట అని పేరు. బస్సులో పోయే పెద్దవాళ్లు ఆ చోటు రాగానే చేతులు జోడిస్తారు. పక్కన చిన్నపిల్లలుంటే కథ మొదలుపెడతారు. ఆ కథ మీలో చాలామందికి తెలుసు. గండి పడింది, ఆమె వెళ్లింది, చనిపోయింది, కట్ట నిలబడింది. అంతే కథ.

మొన్న ఈ సంచిక కోసం కూర్చున్నప్పుడు మనవాళ్లలోనే ఒక కుర్రవాడు అడిగాడు. "ముగింపు అందరికీ తెలిసిన కథ మళ్లీ మళ్లీ ఎందుకు చెప్పాలి?" అని. సినిమాకు పోయేముందు కథ చెప్పేస్తే మనకు కోపం వస్తుంది కదా, మరి ఇదేమిటి అని అతని మాట. ప్రశ్న మంచిదే. జవాబు అప్పటికప్పుడు మాకు తోచలేదు. తర్వాత నలుగురం కూర్చుని ఆలోచించి ఈ వ్యాసం రాస్తున్నాం.

చెరువు, గండి, ఒక పేరు

ముందు చరిత్ర చూద్దాం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగుకు అడ్డంగా ఈ చెరువు కట్టించాడని చెబుతారు. కట్టకు ఒక కొస బుక్కరాయసముద్రం, ఇంకో కొస అనంతసాగరం. ఆ అనంతసాగరమే తర్వాత అనంతపురం అయింది. అంటే మన జిల్లా కేంద్రం ఒక చెరువు కట్ట కొసన పుట్టిన ఊరు.

మన పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఒక్కో ఏడు అదీ రాదు. ఇలాంటి చోట చెరువు అంటే నీళ్లు నిలిచిన గుంట మాత్రమే కాదు. కింద మడి, పశువుకు నీరు, బావిలో ఊట, చాకిరేవు, అన్నీ దాని మీదే. అందుకే కరువు సీమలో జనానికి రెండు భయాలుంటాయి. వాన రాదేమో అన్నది మొదటిది. నాలుగేళ్ల వాన ఒక్క రాత్రిలో కురిసి కట్ట తెగుతుందేమో అన్నది రెండోది. 2022 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురంలో కాలనీలు మునిగినప్పుడు ఆ రెండో భయం ఎలా ఉంటుందో మీరే చూశారు.

ముసలమ్మ కథ ఆ రెండో భయంలోంచి పుట్టింది. వానలకు చెరువు నిండింది, మరువ పారినా ఆగలేదు, కట్టకు గండి పడింది. ఎంత మట్టి పోసినా నిలవలేదు. బసిరెడ్డి అనే పెద్ద రైతు చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తేనే గండి పూడుతుందని అమ్మవారి మాట వినిపించింది. ఊరు విన్నది. ఆమె విన్నది. ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుని, కట్ట దాకా నడిచి, గండిలో దిగింది. పేరుకు ముసలమ్మే కానీ పడుచు పిల్ల. ఆ పేరు పెట్టినవాళ్లు ఆమె ముసలిదయ్యే దాకా బతకాలని కోరుకునే పెట్టి ఉంటారు.

ఈ కథకు తేదీ లేదు. కానీ దీన్ని రాసిపెట్టినవాళ్లకు తేదీలున్నాయి. అనంతపురం సంస్థానం గురించి తెలుగులో ఉన్న పాత వృత్తాంతాన్ని సి.పి. బ్రౌన్ ఇంగ్లీషు చేసి 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన ఆ అనంతపురం చరిత్రలోని కథను తీసుకునే 1899లో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటున్న కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యం రాశాడు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిది దాటలేదు. మీ వయసే. ఆధునిక తెలుగు కవిత్వానికి ఇది తొలి అడుగుల్లో ఒకటని సాహిత్య చరిత్రకారులు అంటారు.

ఆ పుస్తకం పేరు ఒకసారి చూడండి. ముసలమ్మ మరణము. అట్ట మీదే ముగింపు చెప్పేశాడు. దాచలేదు. దాచాల్సిన పని లేదని ఆ కుర్రవాడికి తెలుసు.

ఆమెకూ తెలుసు

ముగింపు తెలిసిన కథ మనల్ని ఎందుకు కదలనివ్వదు? మాకు తోచిన మొదటి కారణం ఇది. ఈ కథలో ముగింపు మనకే కాదు, ఆమెకూ తెలుసు.

కథలో జరగబోయేది మనకు తెలిసి, పాత్రకు తెలియకపోతే ఒక రకం బాధ. "అయ్యో, అటు పోవద్దు" అని మనసులో కేక వేస్తాం. పాత్రకూ తెలిస్తే ఆ కేక కూడా ఉండదు. ఆమె పక్కనే నడవడం తప్ప మనం చేయగలిగింది ఏమీ లేదు. కథ చెప్పే అవ్వలు చావు దగ్గర ఎక్కువసేపు ఆగరు, గమనించారా? ఒక్క మాటలో తేల్చేస్తారు. నడక దగ్గర మాత్రం చాలాసేపు ఆగుతారు. తలంటుకున్నది, పసుపు పూసుకున్నది, గడపకు మొక్కింది, అత్తకు మొక్కింది, వీధి దాటింది. వినేవాళ్ల కళ్లు చెమర్చేది అక్కడే. ఎలా చచ్చిపోతుందో వినాలని కాదు, పోయేముందు ఎవరితో ఏం మాట్లాడిందో వినాలని మనం ఆగుతాం.

ఇది మన సీమకే చెందిన సంగతి కాదు. గ్రీసు దేశంలో క్రీ.పూ. 458లో ఈస్కిలస్ అనే ఆయన 'అగమెమ్నాన్' నాటకం ఆడించాడు. అందులో కసాండ్రా అని ఒక బందీ పిల్ల. ముందు జరగబోయేది చూడగలదు, కానీ ఎవరూ నమ్మరు. ఆ ఇంటి లోపల తన చావు ఉందని ఆమెకు తెలుసు. వాకిట నిలబడి ఆ మాట చెబుతుంది కూడా. చెప్పి, లోపలికి పోతుంది. ఆ నాటకం చూసినవాళ్లకు కథంతా ముందే తెలుసు. అయినా కూర్చున్నారు. రెండున్నర వేల ఏళ్లు గడిచినా ఆ వాకిలి దృశ్యాన్ని ఇంకా ఆడుతూనే ఉన్నారు.

ఎక్కడ ఆగి ఉండవచ్చు?

రెండో కారణం ఇంకా ముఖ్యం. ముగింపు తెలియని కథలో మన చూపు ముందుకే పోతుంది. తరువాత ఏమవుతుంది, తరువాత ఏమవుతుంది అని. ముగింపు తెలిస్తే ఆ తొందర పోతుంది. అప్పుడు మన చూపు పక్కలకు తిరుగుతుంది. అక్కడ ఎవరెవరున్నారు? ఎవరు నోరు విప్పారు? ఎవరు తల దించుకున్నారు? ఏ మలుపు దగ్గర ఇది ఆగి ఉండవచ్చు?

మన పక్క రాష్ట్రంలో ఇలాంటిదే ఇంకో కథ ఉంది. కన్నడ జానపదుల 'కెరెగె హార', అంటే చెరువుకు బలి. అక్కడ కష్టం వేరు. చెరువు తవ్వారు, నీళ్లు పడలేదు. ఊరి గౌడ చిన్న కోడలు భాగీరథిని బలి ఇవ్వాలని తేల్చారు. ఆమె పుట్టింటికి వెళ్లి వస్తుంది. అక్కడా ఆపేవాళ్లు దొరకరు. భర్త సైన్యంలో ఉన్నాడు. అతను తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. అతనూ అదే చెరువులో పడి చనిపోతాడు. ఈ పాట విన్న ప్రతి ఒక్కరికీ ఒకే ఆశ కలుగుతుంది. ఈసారైనా ఆ పుట్టింట్లో ఒకరు "పోవద్దమ్మా" అంటారేమో అని. అనరని తెలుసు. అయినా ఆశ పోదు. ఆ ఆశే మనల్ని కూర్చోబెడుతుంది.

తోలుబొమ్మలాటలోనూ ఇంతే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారుల బొమ్మలు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. తెర మీద అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోతాడు. లోపలికి పోవడమే తెలుసు, బయటికి రావడం తెలియదు. చూసేవాళ్లందరికీ ఇది తెలుసు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు, జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వు అయిపోగానే మళ్లీ వ్యూహం. నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపేది అప్పుడే. ముగింపు తెలిసినవాళ్లే తెలియనివాళ్లను లేపుతారు, ఈ ఘట్టం చూడకుండా పోకూడదని.

ధర్మవరం ఆయన చేసిన సాహసం

మన జిల్లా 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. అందుకే బళ్లారిలో పుట్టిన తెలుగు నాటకం మనదీ అని ధైర్యంగా చెప్పుకోవచ్చు. 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు. జనం ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడు అన్నారు. ఆయన మేనల్లుడే తాడిపత్రిలో పుట్టిన మహానటుడు బళ్లారి రాఘవ.

ఆయన రాసిన 'విషాద సారంగధర' తెలుగులో తొలి విషాదాంత నాటకంగా లెక్కకు వస్తుంది. సారంగధరుడి కథ అప్పటికే ఇంటింటా తెలిసినది. రాజమహేంద్రవరం రాజు రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు పావురాన్ని ఎగరేస్తాడు. అది చిత్రాంగి మేడలో వాలుతుంది. దాని కోసం లోపలికి పోతాడు. ఆమె కోరికకు ఒప్పుకోడు. ఆమె నింద వేస్తుంది. తండ్రి విచారించకుండానే కాళ్లు చేతులు నరకమంటాడు. పాత కథల్లో తర్వాత ఒక సిద్ధుడు వచ్చి కాళ్లు చేతులు తెప్పిస్తాడు. వినేవాళ్లకు చివర్లో ఓదార్పు దొరికేది.

నాటకం శుభంగానే ముగియాలన్నది మన పాత పద్ధతి. సంస్కృత నాటకాల్లో భాసుడి 'ఊరుభంగం' లాంటివి అరుదు. అలాంటి చోట ఆయన ఆ ఓదార్పును తీసేశాడు. పేరులోనే విషాదం అని పెట్టాడు. టికెట్టు కొనేటప్పుడే జనానికి తెలుసు, ఏడవడానికి పోతున్నామని. అయినా పోయారు.

ఎందుకంటే సిద్ధుడు వస్తాడన్న నమ్మకం ఉంటే తండ్రి చేసిన తప్పు చిన్నదైపోతుంది. ఎలాగూ బాగైపోతుంది కదా అనిపిస్తుంది. సిద్ధుడు రాడని తెలిస్తే ఆ పావురం, ఆ మేడ మెట్లు, ఒక్కసారి కొడుకును పిలిచి అడగని తండ్రి, అన్నీ పెద్దవై కనిపిస్తాయి. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే జనం ఊపిరి బిగబడుతుంది.

మన ఇంటి పాట

ఇప్పుడు మన తండాలోకి వద్దాం. మన పెళ్లిళ్లలో ఢావలో అని ఒక ఏడుపు పాట ఉంది. పెళ్లికూతురు తల్లి మెడ, అక్క మెడ, పిన్ని మెడ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా పాడుతూ ఏడుస్తుంది. ముందే ముసలివాళ్ల దగ్గర నేర్చుకుంటుంది. అందరికీ ముగింపు తెలుసు. పిల్ల వెళ్లిపోతుంది. ఆ పాట ఎన్ని పెళ్లిళ్లలో విన్నా, ఎవరి పిల్ల పెళ్లి అయినా, మన కళ్లలో నీళ్లు రాకుండా ఉంటాయా?

ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశం తిరిగిన లదేణీ రోజుల్లో ఈ ఏడుపుకు ఇంకో అర్థం ఉండేది. ఈ బిడారం ఒక దిక్కు, ఆ బిడారం ఒక దిక్కు. మళ్లీ కలుస్తామో లేదో. అందుకే వెళ్లిపోయే ముందు ఎవరికి చెప్పాల్సినది వాళ్లకు చెప్పి పోవాలి. ముసలమ్మ గడప దగ్గర చేసినదీ అదే కదా!

ఇప్పుడు కొన్ని పెళ్లిళ్లలో డీజే శబ్దం ఢావలో మొదలు కాకముందే మొదలవుతోంది. డీజే మీద మాకు కోపం లేదు, మేమూ ఆడతాం. కానీ నేర్పే అవ్వలు తగ్గిపోతున్నారు. గోర్ బోలీకి సొంత లిపి లేదు. ఆ నోళ్లు మూతపడితే ఆ పాటలు మళ్లీ రావు.

మన చరిత్రా ముగింపు తెలిసిన కథేనా?

ఆ కుర్రవాడి ప్రశ్న మమ్మల్ని ఇంతగా ఎందుకు పట్టుకుంది? ఎందుకంటే మన జాతి చరిత్ర గురించి కూడా మన పిల్లలు అదే మాట అంటున్నారు. "తెలుసులే అన్నా, ఒకప్పుడు వ్యాపారం ఉండేది, పోయింది, దొంగలన్నారు, పేదవాళ్లమయ్యాం" అని. నాలుగు ముక్కల్లో ముగించి ఫోను చూసుకుంటారు.

ఆ కథలోనూ మలుపులున్నాయి. 1791, 1792లో కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదకు పోయినప్పుడు ఆ సైన్యానికి ధాన్యం అందించింది బంజారాల ఎద్దుల బిడారాలే. అప్పుడు మనం కావలసినవాళ్లం. 1871 నాటికి మద్రాసు నుంచి గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు వచ్చింది. ఎద్దు మోసే బరువు రైలు మోయడం మొదలుపెట్టింది. సరిగ్గా అదే 1871లో కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసే చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఎరుకల, లంబాడీ గుంపుల్లో కొన్నిటిని ఆ పట్టీలో చేర్చారు. పని పోయినవాడికి వేరే పని చూపించవచ్చు. వాళ్లు పని బదులు పోలీసు హాజరు పట్టీ చూపించారు.

ఇది తలరాత కాదు, ఎవరో బల్ల దగ్గర కూర్చుని తీసుకున్న నిర్ణయం. తలరాతే అయితే 1952లో ఆ చట్టం రద్దయ్యేది కాదు. మనుషులు రాశారు, మనుషులు కొట్టేశారు. కథను నాలుగు ముక్కల్లో ముగిస్తే ఈ సంగతి కనిపించదు. నెమ్మదిగా, మలుపు మలుపు దగ్గర ఆగి చెబితేనే కనిపిస్తుంది.

ముసలమ్మ కథనూ ఇలాగే వినమని మా మనవి. ఆమె త్యాగానికి చేతులు జోడిద్దాం. కానీ చేతులు జోడించి ఊరుకుంటే మనమూ ఆ రోజు కట్ట మీద నిలబడిన జనంలో ఒకరమవుతాం. ఇన్ని కుటుంబాలున్న ఊళ్లో అమ్మవారి మాట ఒక ఇంటి చిన్న కోడలి పేరే ఎందుకు పలికింది? కన్నడ కథలోనూ చిన్న కోడలే ఎందుకు? ఇంట్లో అందరికంటే కింద ఉన్న మనిషి, ఎదురు మాట్లాడే హక్కు లేని మనిషి. ఆమెను అడిగినంత తేలిగ్గా ఊరి పెద్దను అడుగుతారా? పండిన నీళ్లు అందరూ పంచుకున్నారు, గండి మాత్రం ఒక్కరి వంతైంది. ఈ ప్రశ్న అడగడానికే ఆ కథ మనకు మళ్లీ మళ్లీ కావాలి. కరువు వచ్చినప్పుడు ముందు ఎవరి బడి ఆగుతుంది, ఎవరి పెళ్లి తొందరగా అయిపోతుంది, ఎవరు వలస పోతారు అని మన ఇళ్లలో లెక్క చూసుకుంటే ఆ కట్ట ఎంతో దూరంలో లేదని తెలుస్తుంది.

కాబట్టి తమ్ముడూ, నువ్వడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. ముగింపు తెలియని కథ ఒకసారి వింటే చాలు. ముగింపు తెలిసిన కథలో మాత్రం ఆగి చూడాల్సిన చోట్లు ఎన్నో ఉంటాయి. ఒక్కో వయసులో ఒక్కో చోట ఆగుతాం. చిన్నప్పుడు మేం ముసలమ్మ దగ్గర ఆగాం. పెళ్లయ్యాక ఆమె భర్త దగ్గర ఆగాం. ఇప్పుడు ఆడపిల్లల తండ్రులమయ్యాం, ఏమీ అనని ఆ ఊరి పెద్దల దగ్గర ఆగుతున్నాం.

వచ్చే సెలవుల్లో తండాకు పోయినప్పుడు ఒక పని చేయండి. అవ్వ పక్కన కూర్చుని, తెలిసిన కథే, తెలిసిన ఢావలోనే మళ్లీ చెప్పించుకోండి. ఫోనులో రికార్డు చేయండి. "ఇది తెలుసులే అవ్వా" అని మధ్యలో ఆపకండి. ఆమె ఎక్కడ గొంతు తగ్గించిందో, ఎక్కడ ఆగి కళ్లు తుడుచుకుందో రాసుకోండి. అయిపోయాక ఒక్కటి అడగండి: "అవ్వా, అప్పుడు ఎవరైనా వద్దని ఉంటే?" ఆమె చెప్పే జవాబు రాసి మాకు పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.